మోకాళ్ళ కింద బంగారం

“బెల్టు ఎక్కడ పెట్టావ్?”

బెల్టు యాస్మిన్ నడుముకే ఉంది. తెల్లవారగానే పెట్టెలోంచి తీసి, చీర మీద రెండు చుట్లు తిప్పి, ముందువైపు గట్టిగా ముడేసుకుంది. పసుప్పచ్చ చీర మీద నల్ల బెల్టు. గుడ్డివాడికైనా కనపడుతుంది.

కావాలంటే విప్పుకోండి అనే మాట నోటిదాకా తెచ్చుకుని, ఆ తర్వాత జరిగే రభసకి కూడా సిద్ధపడే నిలబడింది.

ఫరూక్ ఆమె మొహంలోకే చూస్తూ మళ్ళీ అడిగాడు. “నిన్నే. బెల్టేదీ?”

ఆమెకి ఒళ్ళు మండిపోయింది. “ఎదురుగా పెట్టుకుని అడిగేవాళ్ళకి ఏం చెప్పాలి?”

“ఎగతాళి చెయ్యకు. నాలుగింటికి వ్యాన్ వచ్చేస్తుంది. రాత్రికి బాపట్లలో ఉండాలి. అమ్మీ, నువ్వేమన్నా తీశావా?”

వంటింటి గుమ్మంలో కత్తిపీట ముందేసుకుని ఉల్లిపాయలు తరుగుతున్న మున్నీసా కొడుకు వంక చూసింది, కోడలి నడుం వంక చూసింది. “మీ గొడవలోకి నన్ను లాగకండి నాయనా” అని తల దించుకుంది.

తెనాలి ఆడవాళ్ళకి నోరెక్కువని గిట్టనివాళ్ళు అంటుంటారు. నోరు లేకుండా ఇలాంటి మగాళ్ళతో కాపురం ఎలా చెయ్యాలో వాళ్ళే వచ్చి నేర్పితే బాగుండును. యాస్మిన్ నాలుగు రోజులుగా బతిమాలింది, ఏడ్చింది, అన్నం మానేసింది. ఆ మూడూ అయిపోయాయి. ఇవాళ నోరొక్కటే మిగిలింది.

“రేపు బాపట్ల ప్రదర్శనలో పది పెంకులు. నుదుటితో. అంతేనా?”

“అంతే.”

“మరి గుంటూరు కళ్ళ డాక్టరు ఏమన్నాడు?”

ఆ డాక్టరు రాసిన చీటీ మంగళవారం నాడు స్కూటర్ డిక్కీలో దొరికింది. అంతవరకూ ఇంట్లో ఎవరికీ తెలియదు. తెనాలి, వేమూరు, రేపల్లె కలిపి నూట యాభై మందికి కుంగ్‌ఫూ నేర్పే ఫరూక్ మాస్టరు, ఏళ్ళ తరబడి నుదుటితో పెంకులు పగలగొట్టి, కుడి కంటి వెనక పొర ఊడగొట్టుకున్నాడు. ఏడు నెలలుగా ఆ కంటికి చూపు లేదు. ఎడమ కంటి పొర కూడా పలచబడితే లేజరు పెట్టి పంపారు. తలకి దెబ్బ తగిలితే అదీ ఊడుతుందట. తల కిందికి వంచకూడదట. మెరుపులు కనపడినా, చూపుకి అడ్డంగా నల్లటి తెర వచ్చినా గంట కూడా ఆగకుండా రావాలని ఆ డాక్టరు ఎర్ర సిరాతో గీత గీసి మరీ రాశాడు.

“పోయిన శుక్రవారం మసీదులో కుర్చీలో కూర్చుని నమాజు చదివారంట. డెబ్బై ఏళ్ళవాళ్ళ పక్కన. మహబూబ్ సుభాని చాచా వచ్చి అత్తమ్మని అడిగాడు, మీవాడికి అప్పుడే మోకాళ్ళ నొప్పులా అని. అల్లా ముందు నేలకి ఆనించలేని నుదురు, రేపు పెంకులకేసి కొడతారా?”

మున్నీసా చేతి కింద కత్తిపీట చప్పుడు ఆగిపోయింది.

“మాటిచ్చాను” అన్నాడు ఫరూక్. “సిటీ కేబుల్లో ఊరందరికీ చెప్పాను. మగాడి మాట నోరు దాటితే నాలుగు గుర్రాలు పరిగెత్తినా పట్టుకోలేవు. సార్ చెప్పేవారు.”

“ఆ సారే, పెంకులు కొట్టొద్దని చెప్పి మూడేళ్ళుగా మీ మొహం చూడట్లేదు. ఆ సంగతి గుర్రాలకి చెప్పారా?”

“యాస్మిన్!”

“అరవండి. అరిస్తే కన్ను తిరిగొస్తుందంటే నేనూ అరుస్తా.”

అతను కుర్చీలో కూర్చున్నాడు. గొంతు తగ్గించాడు. “చిట్టిబాబు సంగతి తెలుసుగా. రేపల్లె లాజరుగారబ్బాయి. పోయినేడాది పెంకుల ముందు నిలబడి భయమేసి ఏడ్చాడు. మట్టిగాజులు తెప్పించి నలభై మందిలో వాడి చేతులకి తొడిగించాను. ఇంటికెళ్ళి ముగ్గులేసుకో అన్నాను. ఆర్నెల్లకి తిరిగొచ్చి ఎనిమిది పగలగొట్టాడు. రేపు వాడు మొదటి వరసలో కూర్చుంటాడు. వాడి ముందు నేను, డాక్టరు వద్దన్నాడండి, అనాలా?”

“అనండి.”

“అప్పుడు నేనెవరి గాజులు తొడుక్కోవాలి?”

యాస్మిన్ చేతులకున్న గాజులు నాలుగూ తీసి, అతని పక్కనున్న స్టూలు మీద టీ గ్లాసు దగ్గర పెట్టింది. “ఇవిగో, నావి తొడుక్కోండి. మీ అమ్మ నడుం పడిపోయి మంచంలో ఉంటే ఆరు నెలలు ఎత్తి నీళ్ళు పోసిన చేతులవి. అంత సిగ్గుపడాల్సినవేం కావు.”

మున్నీసా కొంగుతో ముక్కు చీదుకుంది. ఉల్లిపాయల వల్ల అనుకోవడానికి లేదు, తరగడం ఎప్పుడో మానేసింది.

ఫరూక్ టీ గ్లాసు కోసం చెయ్యి చాచాడు. చెయ్యి గ్లాసుకి తగిలి అది కింద పడి పగిలింది. గాజులు మాత్రం స్టూలు మీదే ఉన్నాయి.

“ఈ స్టూలు ఇక్కడ ఎవరు పెట్టారు?” అని అరిచాడు.

పెళ్ళయి ఆరేళ్ళు. ఆరేళ్ళుగా ఆ స్టూలు అక్కడే ఉంది. అతను లేచి, గోడ మీద చెయ్యి వేసుకుంటూ పడగ్గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. కోపమొస్తే మనిషి గోడలు పట్టుకు నడుస్తాడు కాబోలు అనుకుంది యాస్మిన్. ఆ నిమిషంలో ఆమెకి అంతకంటే తోచలేదు.

మున్నీసా గాజు ముక్కలు ఏరి పారేసి వచ్చి, పొయ్యి మీద పాలు పెట్టింది.

“ఇంకెవరికత్తమ్మా టీ?”

“వాడి సారుకి. రేపల్లె బండికి ఇంకా అరగంటుంది. ఫ్లాస్కులో పోసిస్తాను, తీసుకెళ్ళు. వాడు అల్లా మాట తర్వాత ఆయన మాటే వింటాడు.”

“ఆయన మాట్లాడరుగా మనతో.”

“టీ తాగితే మాట్లాడాలి. వాళ్ళ పద్ధతి అది.”

వాళ్ళ పద్ధతి ఏమిటంటే, శిష్యుడు మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో టీ ఇస్తాడు. గురువు తాగితే ఇక వాడు కొడుకుతో సమానం. తాగకుండా తిప్పి పంపితే బంధం లేనట్టే. మూడేళ్ళుగా ఫరూక్ ఏటా ఫ్లాస్కు పంపుతున్నాడు, అది నిండుగానే తిరిగొస్తోంది.

“వాడికి పదిహేనేళ్ళప్పుడు మొదటి టీ నేనే పెట్టిచ్చా” అంది మున్నీసా యాలకులు నలుపుతూ. “చిక్కటి పాలు, నాలుగు చెంచాల పంచదార. వాళ్ళు పాలు కలపని టీ తాగుతారని నాకేం తెలుసు? చివరి చుక్కదాకా తాగాడు మహానుభావుడు. మిగతా పిల్లలంతా తల నేలకి ఆనిస్తే వీడు బిక్కమొహమేసుకుని ఉండిపోయాడంట. ‘నీ తల మీ దేవుడి ముందు పెట్టేది, నా ముందొద్దు, టీ ఇవ్వు చాలు’ అన్నాడంట ఆయన. ఆ మాట విన్నాక నా కొడుకు మీద నాకు బెంగ పోయింది.”

నలిపిన యాలకులు పాలల్లో వేస్తూ, “ఇన్నాళ్ళూ లేని బెంగ మళ్ళీ వచ్చింది” అంది.

*

రేపల్లెలో ‘చైనా పళ్ళ డాక్టరు’ అంటే చిన్నపిల్లలైనా చూపిస్తారు. పేరు లియూ, ఫరూక్‌కి కుంగ్‌ఫూ నేర్పిన సారు. ఎక్కడో చైనాలో పుట్టి, పళ్ళు కట్టే పనిముట్ల పెట్టె చంకన పెట్టుకుని ఊళ్ళు తిరుగుతూ తెనాలి చేరినాయన కొడుకు. తను పుట్టింది తెనాలిలోనే. అరవై ఏళ్ళు, బట్టతల, తడబాటు లేని తెలుగు. చేపల పులుసు రుచి గురించి ఆయనతో వాదించి గెలిచినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు.

యాస్మిన్ వెళ్ళేసరికి కుర్చీలో ఒక పెద్దమనిషి నోరు తెరుచుకుని ఉన్నాడు. నిజాంపట్నంలో చేపల వేలం పాడే చిన్నయ్య. కట్టుడు పళ్ళ కొలత కోసం నోటి నిండా మైనం పెట్టించుకుని, అది గట్టిపడేదాకా మాట్లాడటానికి వీల్లేక గుడ్లు తిప్పుతున్నాడు.

యాస్మిన్ బురఖా మొహం మీదినుంచి తీసి, ఫ్లాస్కు ముందుకి చాచింది.

“ఫరూక్ పంపాడా?” అన్నారు లియూ మాస్టారు.

“లేదండి. నేనే తెచ్చాను.”

“అయితే తాగకూడదమ్మా. ఏమీ అనుకోకు.”

ఆమె ఏమీ అనుకోలేదు. సంచిలోంచి డాక్టరు చీటీ తీసి ఇచ్చింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. మళ్ళీ మొదటి నుంచి చదివారు.

“కుడి కన్ను పోయి ఏడు నెలలా? నాకెవరూ చెప్పలేదే!”

“నాకూ చెప్పలేదండి. పక్కలో పడుకునేదాన్ని.”

మాస్టారు కుర్చీ లాక్కుని కూలబడ్డారు. కాసేపటికి, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు మొదలుపెట్టారు.

“మా పాత కథల్లో మగాళ్ళు రెండు రకాలమ్మా. ఒకడు చదువుకున్నవాడు. సన్నగా, పాలిపోయి, చేతిలో కుంచెతో ఉంటాడు. నాలుగు పద్యాలు రాసి, రెండుసార్లు దగ్గి, పరీక్షకని రాజధానికి పోతాడు. ఇంకోడు యుద్ధం తెలిసినవాడు. గడ్డం, పెద్ద గొంతు, కుండలకి కుండలు సారా. స్నేహితుడి కోసం తల కోసిస్తాడు గానీ ఇంటికి మాత్రం పోడు. మా నాన్న నవ్వేవాడు, ‘ఈ ఇద్దర్లో బియ్యం తెచ్చేవాడు ఎవడ్రా’ అని.”

యాస్మిన్‌కి నవ్వు రాలేదు.

“మగాడంటే ఆ రెండూ ఒక ఒంట్లోనే ఉండాలనేవాడు. చదువు పైన, యుద్ధం కింద. కొట్టడం ఒక్కటే తెలిసినవాడు కొడతాడు. చదువు కూడా ఉన్నవాడు కొట్టగలిగీ ఊరుకుంటాడు. ఫరూక్‌కి రెండూ చెబుదామనే అనుకున్నాను. కుంచె ఇచ్చి కూర్చోబెడితే పావుగంటకి కాలు తిమ్మిరెక్కిందని లేచిపోయేవాడు. పిడికిలి బిగించమంటే పొద్దుగూకేదాకా బిగించేవాడు. సరేలే, తర్వాత నేర్చుకుంటాడులే అని నేనూ వదిలేశాను. ఆ తర్వాత రానే లేదు.”

“మాస్టారూ, ఇవన్నీ నాకెందుకండీ? ఒక్క మాట. వద్దని ఒక్క మాట చెప్పండి. చాలు.”

“చెబితే ఆగుతాడు. ఆగి, రేపటి నుంచి ఎవరో ఆపితే ఆగినవాడిగా బతుకుతాడు. నాకు వాడి సంగతి తెలుసు. కన్ను మిగులుతుందమ్మా, వాడు మిగలడు.”

“నాకు కన్ను చాలండి!” అంది యాస్మిన్. అరుపులాగే వచ్చింది. “ముందు కన్ను మిగలనివ్వండి. మిగతా మనిషిని నేను చూసుకుంటాను. కుట్టుకుంటానో, అతికించుకుంటానో నా తిప్పలు నేను పడతాను.”

కుర్చీలోంచి వింత శబ్దం వచ్చింది. చిన్నయ్య చేతులూపుతున్నాడు. మాస్టారు లేచి అతని నోట్లోంచి మైనం అచ్చు తీశారు.

“పిల్ల చెప్పేది రైటండీ డాక్టరుగారూ” అన్నాడు చిన్నయ్య, పళ్ళు లేని నోటితో. “నా పళ్ళు ఎక్కడికి పోతాయి, వచ్చే వారం వస్తా. ముందు అమ్మాయితో పదండి.”

మాస్టారు చేతులు కడుక్కుని, ఫ్లాస్కు ఆమె చేతిలోంచి తీసుకున్నారు. తాగలేదు. చంకన పెట్టుకుని చెప్పులేసుకున్నారు.

దారిలో రైలు వేమూరు దాటాక ఆయన కిటికీలోంచి పొలాల వంక చూస్తూ ఒకే మాటన్నారు. “నా మోకాళ్ళు బాగాలేవమ్మా. వంగితే మళ్ళీ లేవలేను.”

వయసు గురించి అంటున్నారనుకుంది యాస్మిన్. బురఖా లోపల బెల్టు ముడి కడుపుకి నొక్కుకుంటోంది.

*

వాళ్ళు ఇంట్లోకి వచ్చేసరికి మూడున్నర. ఫరూక్ తెల్ల డ్రెస్సు వేసుకుని ముందుగదిలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. స్టూలు మీద గాజులు అలాగే ఉన్నాయి. మాస్టారు గుమ్మం దాటి లోపలికి వచ్చినా అతను కదల్లేదు. యాస్మిన్‌కి సిగ్గేసింది. ఎంత పొగరు ఈ మనిషికి!

మాస్టారు దగ్గారు. అప్పుడు ఉలిక్కిపడి లేచాడు. “సార్! మీరా?”

“కూర్చోరా.”

“మీ ముందు కూర్చోనండి.”

ఇద్దరూ నిలబడే ఉన్నారు. మూడేళ్ళ మౌనం ఆ నాలుగడుగుల జాగాలో సర్దుకోవడానికి కొంచెం సేపు పట్టింది. మున్నీసా కుర్చీ లాగి వేసింది. ఎవరూ కూర్చోలేదు.

“అమ్మాయి చీటీ చూపించింది” అన్నారు మాస్టారు.

“రేపొక్కరోజు సార్. ఇదే ఆఖరు. తర్వాత మానేస్తాను.”

“తర్వాత మానెయ్యడానికి ఏం మిగులుతుంది?”

“మీరే కదండీ చెప్పింది.” ఫరూక్ గొంతులో కోపం లేదు. చిన్నప్పుడు కంఠతా పట్టిన పాఠం అప్పజెబుతున్నట్టు ఉంది. “మగాడి ఒంట్లోంచి రక్తం కారొచ్చు, కంట్లోంచి నీళ్ళు కారకూడదన్నారు. మగాడి మోకాళ్ళ కింద బంగారం ఉంటుంది, కన్నవాళ్ళకీ గురువుకీ తప్ప ఎవడికీ వంగి దాన్ని నేలపాలు చెయ్యొద్దన్నారు. పదిహేడేళ్ళయింది. ఒక్కటి మర్చిపోలేదు నేను.”

“ఒకటి చెబుతాను, విను. అరవై రెండులో చైనాతో యుద్ధమొచ్చినప్పుడు మేం ఈ ఊళ్ళోనే ఉన్నాం. నాకు పదిహేనేళ్ళు. బజార్లో మా నాన్నని ఒకతను చెంప మీద కొట్టాడు. అంతకు నాలుగు రోజుల ముందే నాన్న అతని పన్ను పీకి మందిచ్చాడు. నాన్నకి విద్య తెలుసు. చెయ్యెత్తితే అతను లేచేవాడు కాదు. నాన్న కళ్ళజోడు తుడుచుకుని, ‘వాపు తగ్గిందా బాబూ’ అని అడిగాడు.”

“చెప్పారు సార్ ఇది. ఓర్పు గురించి.”

“సగం చెప్పాను. మిగతా సగం ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నేను నాన్నతో కలిసి ఇంటికి రాలేదు. ఆయన కాలవకి ఈ గట్టున నడిస్తే నేను ఆ గట్టున నడిచాను, ఆయన కొడుకునని ఎవరికీ తెలియకూడదని. మా నాన్న మగాడు కాదనుకున్నాను. ఆయన పోయేదాకా అలాగే అనుకున్నాను. రక్తం, కన్నీళ్ళు, బంగారం... ఆ సామెతలు మావాళ్ళవే. కానీ మా నాన్న ఒక్కటీ నాకు నేర్పలేదురా. బజార్లో సిగ్గుపడ్డ కుర్రాడు తనకి కావాల్సినవి ఏరుకున్నాడు. నువ్వొచ్చాక నీకు నూరిపోశాడు. ఆ రోజు మా నాన్న ఎలా ఉంటే బాగుండేదని ఏడ్చానో, నిన్ను అలా తయారుచేశాను.”

ఫరూక్ చెయ్యి గోడని వెతుక్కుంది.

“అయితే నేను మీ సిగ్గుతో తయారైనవాణ్ణా సార్?”

“అవును.”

“మరి ఇప్పుడు చెప్పి ఏం లాభమండీ? తయారైపోయానుగా.”

ఫరూక్ తిరిగి కిటికీ దగ్గరికి నడిచాడు. చువ్వలు పట్టుకుని, అందరికీ వీపు పెట్టి నిలబడ్డాడు.

“నూట యాభై మంది ముందు నిలబడి, నాకు భయమేస్తోందని చెప్పడం మీరు నాకు నేర్పలేదు. మా నాయన నేర్పలేదు. ఏ మగాడూ నేర్పలేదు. పెంకులు కొట్టడమొక్కటే వచ్చు నాకు. వెళ్ళిపోండి సార్. మీ కాళ్ళు పట్టుకుంటాను, నన్నాపకండి.”

వీధిలో లోడు లారీ పోతోంది. ఇల్లంతా అదిరింది.

ఆ చప్పుడులోనే లియూ మాస్టారు ఫరూక్ వెనక దాకా నడిచి, అక్కడున్న కుర్చీ చెయ్యి పట్టుకుని వంగారు. ముందు కుడి మోకాలు, తర్వాత ఎడమది, నేలకి ఆనించారు. ఫ్లాస్కు మూతలోకి టీ వంచి, రెండు చేతులతో పట్టుకుని శిష్యుడి వైపు ఎత్తారు. రైల్లో ఆయన అన్న మాట ఎందుకన్నారో యాస్మిన్‌కి ఇప్పుడు తెలిసింది.

గురువు శిష్యుడి ముందు మోకరిల్లడం వాళ్ళ పద్ధతిలో లేదు. ఏ పద్ధతిలోనూ లేదు. మున్నీసా “యా అల్లా” అని కొంగు నోట్లో కుక్కుకుంది.

లారీ వెళ్ళిపోయింది. ఫరూక్ ఇటు తిరిగాడు.

తల్లి వంక చూశాడు. భార్య వంక చూశాడు. మాస్టారు ఇందాక నిలబడిన చోటు వంక చూశాడు, ఆ వెనకున్న గుమ్మం వంక చూశాడు.

“సార్ వెళ్ళిపోయారా?” అన్నాడు.

ఎంత అహంకారం అనుకుంది యాస్మిన్ మొదట. పొద్దున బెల్టు అడిగినప్పుడు అనుకున్నట్టే అనుకుంది. వెంటనే ఆ బెల్టే గుర్తొచ్చింది. పసుప్పచ్చ చీర మీద నల్ల బెల్టు. తర్వాత స్టూలు. గోడ మీద చెయ్యి.

“మీ ముందే ఉన్నారు” అంది. “అడుగు దూరంలో. కింద.”

ఫరూక్ తల వంచలేదు. భుజం ఉండాల్సిన ఎత్తులో చెయ్యి చాచాడు. ఏమీ తగల్లేదు. ఆ చెయ్యి మెల్లగా దిగి, దిగి, మాస్టారి బట్టతల మీద ఆగింది. వేళ్ళు ఆ తలని తడిమి, ఎవరో, ఎలా ఉన్నారో తెలుసుకున్నాయి.

“సార్... మీరు... లేవండి సార్. వద్దు. లేవండి.”

“ఎప్పట్నుంచి?” అని అరిచింది యాస్మిన్. “ఎప్పట్నుంచి మీకిలా?”

“నిన్న మధ్యాహ్నం.” అతను ఇక దాచలేకపోయాడు. “ముందు మెరుపులొచ్చాయి. తర్వాత కింద నుంచి నల్లటి నీళ్ళు ఎక్కుతున్నట్టు... తల వంచితే ఇంకా ఎక్కుతోంది. పొద్దున నీ నడుం దాకా ఉంది. ఇప్పుడు నీ మెడ దాకా వచ్చింది యాస్మిన్. మొహం ఒక్కటే కనపడుతోంది.”

“నిన్న మధ్యాహ్నం! గంట కూడా ఆగొద్దన్నాడు కదండీ డాక్టరు!”

“రేపటిదాకా ఆగుతుందనుకున్నాను.”

మున్నీసా నెత్తి కొట్టుకుంటూ ఆటో కోసం వీధి గుమ్మం వైపు నడిచింది. మాస్టారు ఎత్తిన చేతులు దించలేదు.

“గుంటూరు బయల్దేరు” అన్నారాయన. “ఇది ఆజ్ఞ కాదు. అడుక్కుంటున్నాను. నా కింద బంగారం ఎంతుందో నాకు తెలియదు. ఉన్నదంతా ఇక్కడే పెట్టాను.”

బయట వ్యాన్ హారన్ మోగింది. ఒకసారి, మళ్ళీ ఒకసారి. కుర్రాళ్ళ కేకలు, ఈలలు. “ఫరూక్ మాస్టర్‌కీ... జై!” అని వీధి మారుమోగింది.

“మాస్టర్!” అని పిలిచాడు చిట్టిబాబు, మెట్లు ఎక్కుతూ. “పెంకులెక్కించేశామండీ! మీదే ఆలస్యం!”

ఫరూక్ నిటారుగా నిలబడ్డాడు. ఎడం చెయ్యి ఇంకా మాస్టారి తల మీదే ఉంది. కుడి చెయ్యి యాస్మిన్ వైపు చాచాడు.

“బెల్టు నీ దగ్గరే ఉందా?”

“నా నడుముకే ఉంది. పొద్దుటి నుంచీ.”

“ఇవ్వు.”

“ఎందుకు?”

అతను చాచిన చెయ్యి దించలేదు. కట్టుకుని పెంకుల ముందుకి వెళ్ళడానికా, చిట్టిబాబు చేతిలో పెట్టి గుంటూరు వెళ్ళడానికా, ఆరేళ్ళు కాపురం చేసిన మొహంలో ఆమె ఎంత వెతికినా తెలియలేదు. చిట్టిబాబు నీడ గుమ్మంలో పడింది. యాస్మిన్ చెయ్యి ముడి మీదికి వెళ్ళి, విప్పకుండా అక్కడే ఆగిపోయింది.